ముందు సీట్లో నలుగురం

మా తమ్ముడు మల్లేశు ఇరవై రెండేళ్ళు అరకు ఘాట్ మీద జీపు నడిపాడు. ఒక్క మేకను గుద్దింది లేదు. ఒక్క ముసలమ్మను ఆమె చెప్పిన చోట కాకుండా వేరే చోట దింపింది లేదు. అలాంటివాణ్ణి పట్టుకుని 'తప్పు డ్రైవర్‌దే' అని ఒక కంపెనీవాళ్ళు కాగితం రాశారు. దాని మీద వాడి చేతే సంతకం పెట్టించుకున్నారు. అదీ ఆసుపత్రి మంచం మీద, కాలికి పిండికట్టు వేసి ఉండగా, ఇంగ్లీషులో. నాకు ఒళ్ళు మండదా? మండింది. ఇప్పటికీ ఆరలేదు, అందుకే చెప్తున్నాను.

నా పేరు రాజులమ్మ. సుంకరమెట్ట దగ్గర మా ఊరు. కాస్త కాఫీ తోట, ఆ నీడ చెట్లకు పాకించిన మిరియాలు, మెట్టలో చోళ్ళు, అదే రాగులు, ఇదీ నా సంసారం. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదివాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చచ్చేదాకా నాకు చెప్తూనే ఉంది. నా నోరు బాగుపడలేదు. ఊరు మాత్రం మంచిదే.

కంపెనీవాళ్ళు వచ్చింది రెండు వేల ఎనిమిది మొదట్లో. మా జీపులన్నీ ముసలివైపోయాయి కదా, వాటి బదులు కొండల కోసమే కొత్త బండి తయారుచేస్తున్నామన్నారు. అరకు రోడ్డు మీద ఒక కాఫీ గోడౌను అద్దెకు తీసుకున్నారు. నెత్తిన కెమెరాలు పెట్టుకుని ఒక వ్యాను నెల రోజులు ఘాట్ ఎక్కుతూ దిగుతూ ఉంది. ప్రతి మలుపూ, ప్రతి గొయ్యీ, ప్రతి పిట్టగోడా కొలుచుకుని కంప్యూటర్లోకి ఎక్కించారు. గోడౌనులో ఇనుప చట్రం మీద ముగ్గురు పట్టే పొడుగు సీటు, స్టీరింగు, గేరు రాడ్డు, కింద మూడు పెడళ్ళు బిగించారు. బండి లేదు, చక్రాలు లేవు. కానీ కళ్ళద్దాల పెట్టె ఒకటి తలకు తగిలించుకుని ఆ సీట్లో కూర్చుంటే ఇంకా పుట్టని బండి మన చుట్టూ ఉంటుంది, ఎదురుగా మన ఘాట్ రోడ్డు ఉంటుంది. తల తిప్పితే లోయ కనిపిస్తుంది. బండిని పూర్తిగా తయారుచేయకముందే నడిపి చూసి, బాగాలేనివి మార్చుకోవడానికట. దాన్ని వాళ్ళు సిమ్యులేటర్ అన్నారు. మా వాళ్ళు బొమ్మబండి అన్నారు.

బొమ్మబండి చెప్పింది నిజమో కాదో చూసుకోవడానికి నిజం బండి కూడా ఒకటి తెచ్చారు, నమూనాది. దాన్ని ఘాట్ మీద నడపడానికి ఘాట్ తెలిసిన డ్రైవరు కావాలని అడిగితే, అరకు నుంచి టైడా దాకా అందరూ చెప్పిన పేరు ఒక్కటే. మల్లేశు. మా వాడు పొంగిపోయాడు. కంపెనీ చొక్కా వేసుకుని వచ్చి నాకు చూపించాడు. మనుషుల బరువు కోసమని వెనక ఇసక మూటలు నింపేవారు, ముందు సీట్లో వాడొక్కడే. బండిలో ఒక పెట్టె ఉండేది. ఎప్పుడు ఏ పెడల్ ఎంత తొక్కాడో అంతా అది రాసుకునేది.

ఏప్రిల్లో, పని మొదలైన మూడో వారం, ఘాట్ దిగుతూ డముకు దాటాక పనస మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. మల్లేశు బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు సరికదా, రంకె వేసి ముందుకురికింది. కళ్ళు మూసి తెరిచేలోగా వాడు బండిని కొండ వైపు తిప్పేశాడు. బండ రాతికి కొట్టుకుని ఆగింది. బస్సులో నలభై మంది ఉన్నారు, ఒక్కరికీ గీత కూడా పడలేదు. మా వాడి కుడి కాలు రెండు చోట్ల విరిగింది.

పెట్టెలో చూస్తే బ్రేకూ, యాక్సిలరేటరూ ఒకేసారి తొక్కినట్టు ఉందట. తర్వాత కంపెనీ సొంత డ్రైవర్లు ముగ్గురు బొమ్మబండిలో కూర్చుని అదే మలుపు, అదే బస్సు, ముప్పై సార్లు దిగి చూశారట. ఒక్కసారి కూడా రెండూ తొక్కలేదట. కాబట్టి బండి మంచిది, డ్రైవరు చెడ్డవాడు. అంతే, తేల్చేశారు.

కట్టు విప్పారు, వాడు కుంటుతూ నడిచాడు, కానీ జీపు మాత్రం దొరకలేదు. వాడికి పదేళ్ళుగా బండి ఇచ్చిన అప్పారావు, అరకులో కిరాణా కొట్టు ఆయన, తాళం ఇంకొకరికి ఇచ్చేశాడు. "నాకేటి కోపం మల్లేసూ? జనం ఎక్కటం నేదు మరి" అన్నాడు. నిజమే. శుక్రవారం సంతలో మల్లేశు జీపు వచ్చేదాకా ఆగే ఆడవాళ్ళు, ఇప్పుడు ఎక్కేముందు తొంగిచూసి నడిపేది ఎవరని అడుగుతున్నారు. ఘాట్ మీద డ్రైవరుకు ఉండేది పేరొక్కటే. అది పోయాక వాడి చేతిలో ఏం మిగిలింది?

అన్నిటికన్నా నన్ను కోసిన మాట వాడిదే. "నాదే తప్పప్పా. కంపీటరు సెప్పింది గదా" అనేవాడు. మా వైపు అక్కను అప్ప అంటాం. అలా అప్పా అని పిలిచి ఆ మాట అన్నప్పుడల్లా వాణ్ణి ఒక్కటి పీకాలనిపించేది. ఇక స్టీరింగు ముట్టుకోనని ఒట్టు కూడా పెట్టుకున్నాడు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం నేను వాకిట్లో కాఫీ పళ్ళు ఏరుతున్నాను. వాడు ఎదురుగా పొడుగు బల్ల మీద కూర్చుని ఎప్పటిలా మొహం వేలాడేశాడు. నాకు చిరాకేసింది.

"అసలు ఆ రోజు ఎలాగ తొక్కేవో సూపించరా" అన్నాను.

"ఒగ్గేయప్పా."

"సూపిత్తావా, ఈ చేట నెత్తిన మోదమన్నావా?"

వాడు ఉత్తి గాల్లో స్టీరింగు పట్టుకున్నాడు. కుడి కాలు చాపాడు. అప్పుడు చూశాను. ఆ బల్ల మీద నలుగురు కూర్చోవచ్చు. ఉన్నది వీడొక్కడు. అయినా కుడి చివరకు జరిగి, సగం పిర్ర బల్ల మీద, సగం గాల్లో పెట్టి, భుజం బయటికి వాల్చి కూర్చున్నాడు.

"అలా అంచున కూకున్నావేటి?"

"ఎక్కడ?" అన్నాడు. వాడికి తెలియనే తెలియదు!

మా జీపుల్లో ముందు సీటంటే నలుగురం. డ్రైవరు, ఇంకో ముగ్గురు. సంత రోజు ఒక్కో ఊరికి ఒక్కటే జీపు. నెత్తిన పసుపు మూటో, చంకలో పిల్లో ఉన్న మనిషిని రోడ్డు మీద ఒగ్గేసి వెళ్తే ఆ డ్రైవరును మళ్ళీ మనిషిగా చూడరు. కాబట్టి డ్రైవరు జరుగుతాడు. జరిగి జరిగి సగం సీటులో సగం బయట కూర్చుని నడుపుతాడు. మల్లేశు ఇరవై రెండేళ్ళు అలాగే నడిపాడు. పక్కన ఎవరూ లేకపోయినా వాడి ఒళ్ళు అటే జరుగుతుంది. ఇంట్లో అన్నం దగ్గర కూర్చున్నా అటే జరుగుతుంది, తర్వాత గమనించాను.

నా చెప్పులు రెండూ విప్పి వాడి కాలి ముందు పెట్టాను. "ఇది బ్రేకు, ఇది యాక్సిలేటరు. పాత జీపులో ఎలాగుంటాయి?"

"బ్రేకు ఎత్తుగా, ఎడంగా ఉంటాది. కొత్త బండిలో రెండూ ఒకే ఎత్తు, పక్క పక్కన. కారుకున్నట్టు."

చెప్పులు దగ్గరికి జరిపాను. "తొక్కు."

తొక్కాడు. కుడి వైపు నుంచి వచ్చిన కాలు ఏటవాలుగా పడింది. వేళ్ళు ఒక చెప్పు మీద, అరికాలి అంచు రెండో చెప్పు మీద. మళ్ళీ తొక్కమన్నాను. మళ్ళీ రెండూ. బల్ల మధ్యకు లాగి కూర్చోబెట్టి తొక్కమన్నాను. కాలు తిన్నగా పడింది, ఒక్క చెప్పే. పదిసార్లు చేయించాను. అంచున కూర్చుంటే రెండూ, మధ్యన కూర్చుంటే ఒక్కటే.

"ఓరి నా తండ్రీ! సూసేవా?" అని నేను ఎగిరి గంతేశాను. కాఫీ పళ్ళు దొర్లిపోయాయి.

వాడేమన్నాడో తెలుసా? "అయితే నాదే తప్పు గదప్పా. నాను సరిగ్గా కూకోనేదు."

ఈసారి నిజంగానే చేట విసిరాను.

మర్నాడు శుక్రవారం. ఆ రోజు డ్రైవర్లందరూ గోడౌనుకు వచ్చి కొత్త బండి మీద అభిప్రాయం చెప్పాలనీ, తలా ఒక టోపీ ఇస్తామనీ కంపెనీవాళ్ళు మైకులో చెప్పించారు. సాయంత్రం నాలుగింటికి పెద్దాఫీసు వాళ్ళు కూడా వస్తున్నారట. మంచిదే అనుకున్నాను. మల్లేశును రెక్క పట్టుకుని లాక్కెళ్ళాను. పక్కింటి ఈశ్వరమ్మను కూడా రమ్మన్నాను. ఆమె ఇద్దరి చోటు ఆక్రమించే మనిషి. ఆ రోజు నాకు అలాంటి మనిషే కావాలి.

గోడౌను షట్టరు సగం దించి ఉంది. బయట పదిమంది డ్రైవర్లు వరసలో ఉన్నారు, అప్పారావు కూడా తన కొత్త డ్రైవరుతో వచ్చాడు. మల్లేశును చూసి అందరూ పక్కకు తిరిగారు. వాడు తల దించుకున్నాడు. నేను షట్టరు కింద నుంచి దూరి లోపలికి పోయాను.

లోపల ఇద్దరున్నారు. ఒకాయన వరహాలరావు, ఇక్కడి పనికంతటికీ పెద్ద. యాభై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ మాట. సాలూరు మనిషేనట, పెద్ద ఊళ్ళు తిరిగి వచ్చాడు. రెండో ఆయన వినయ్, ముప్పై ఏళ్ళ ఇంజనీరు. బొమ్మబండి లెక్కలన్నీ చూసేది ఈయనే. మల్లేశు మీద ఆ కాగితం రాసిందీ ఈయనే.

"ఏమ్మా, ఇది డ్రైవర్లకు. మీకు నడపడం వచ్చా?" అన్నాడు వరహాలరావు.

"నడపటం రాదు సార్. కూకోటం వచ్చు."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. చెప్పులతో కనిపెట్టిందంతా చెప్పాను. సగం విని చెయ్యి ఊపేశాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ మాట. కుదురుగా కూర్చోవడం రాని డ్రైవరుది తప్పా, బండిది తప్పా?"

"మద్దెల ఓడో కాదో మీరే వాయించి సూడండి సార్. అదిగో, అక్కడే ఉంది గదా."

వినయ్‌కు మాత్రం కళ్ళు మెరిశాయి. "అంచున కూర్చున్నాడా? ఒక్కడే ఉన్నప్పుడు కూడానా?" అని రెండుసార్లు అడిగాడు. నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టి కళ్ళద్దాల పెట్టె తగిలించాడు. అబ్బ, నిజం చెప్పాలి కదా, గుండె ఝల్లుమంది. అనంతగిరి దిగుతున్నాను. పొగమంచు కూడా పెట్టారు. ఈశ్వరమ్మ వచ్చి నా పక్కన కూలబడింది, ఆమె మోచెయ్యి నా డొక్కలో దిగింది. తిరిగి చూస్తే కళ్ళద్దాల్లో పక్క సీటు ఖాళీ.

"ఇందల మనుషులేరీ?" అన్నాను.

"డ్రైవరు ఒక్కడే ఉంటాడమ్మా. మిగతావాళ్ళ బరువు లెక్కలో కలిపాం" అన్నాడు వినయ్.

"బరువు కలిపేరు. మోకాళ్ళు కలిపేరా?"

 నేను అద్దాలు తీసి వరహాలరావుకు అందించాను. "మీరు కూకోండి సార్. మలుపు తెలిసిన మనిషి కదా. ఆడలేక అన్నారు గదా, ఆడి సూపించండి."

వినయ్ ముందర, లోపలికి తొంగిచూస్తున్న డ్రైవర్ల ముందర ఆయన కాదనలేకపోయాడు. కూర్చున్నాడు. అద్దాలు పెట్టుకుని ఒక్కడే పనస మలుపు దిగాడు. బస్సు వచ్చింది, బ్రేకు వేశాడు, బండి ఆగింది. "చూశారా?" అన్నాడు.

"సూసేం. ఇప్పుడు జరగండి."

గేరు రాడ్డు పక్కన నేను ఎక్కాను. నా పక్కన ఈశ్వరమ్మ. ఆమె పక్కన, నవ్వాపుకుంటూ వినయ్. గేరు పక్కన కూర్చునేవాళ్ళు మోకాలు ఏ గేరుకు ఎటు తిప్పాలో మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు, ఎవరూ చెప్పక్కర్లేదు. "సర్దుకోండి, సర్దుకోండి" అని ఈశ్వరమ్మ ఒక్క తోపు తోసింది. వరహాలరావు జరిగాడు. ఇంకా జరిగాడు. సగం పిర్ర గాల్లోకి వెళ్ళింది.

"పోనీండి రైట్" అన్నాను.

దిగుతున్నాడు. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆయన మోచెయ్యి నాకు తగులుతోంది, "సారీ అమ్మా" అంటున్నాడు. పనస మలుపు వచ్చింది. మాకు పక్కనున్న టీవీలో కనపడుతోంది. బస్సు వచ్చింది. ఆయన కాలు దభీమని దించాడు. ఇంజను రంకె వేసింది. పిట్టగోడ ఎగిరిపోయింది, కొండ తిరగబడింది.

"ఓలమ్మోలమ్మ! పోనాం, పోనాం! ఓరి నాయనో!" అని సారు గావుకేక పెట్టాడు.

"అయ్యొ, సారుది మన మాటే!" అంది ఈశ్వరమ్మ. బయట డ్రైవర్లు పగలబడి నవ్వారు.

వరహాలరావు అద్దాలు తీసి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. వినయ్ మాత్రం నవ్వడం మానేశాడు. కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి ఇప్పటి గీతలు కాగితం మీదికి తీశాడు. ఏప్రిల్ నెల కాగితం పక్కన పెట్టాడు. రెండిట్లోనూ బ్రేకు గీతా, యాక్సిలరేటరు గీతా ఒక్కసారే లేచాయి. పేర్లు మూసేస్తే ఏది మల్లేశుదో, ఏది సారుదో ఎవరూ చెప్పలేరు.

"చూడండమ్మా" అన్నాడు వరహాలరావు, చొక్కా సర్దుకుని. మాట మళ్ళీ ఇస్త్రీ అయిపోయింది. "ముందు సీటు ముగ్గురికే. నలుగురు కూర్చోవడం చట్టప్రకారం నేరం."

"ఆ రోజు మల్లేసు ఒక్కడే ఉన్నాడు సార్. పక్కన పురుగు నేదు. ఏ చట్టం తప్పేడు?"

"అలవాటు తప్పు కదా."

ఇక నాకు తల తిరిగిపోయింది. "ఏటి సార్ తప్పు? ఘాట్ తెలిసిన డ్రైవరు కావాలని ఊరూరూ అడిగింది మీరు కాదా? ఘాట్ తెలియటమంటే ఏటి, మలుపులు లెక్కెట్టటమా? ముసిలోళ్ళకీ, పిల్లలకీ చోటిచ్చి ఇరవై రెండేళ్ళు గాల్లో కూకున్నాడు ఆడు. ఆ ఒళ్ళునే మీరు పనికి పెట్టుకున్నారు. రేపు ఈ బండి కొనీవోళ్ళందరికీ అదే ఒళ్ళు. బయటున్న పదిమందినీ లోపలికి పిలవండి, ఒక్కడైనా మధ్యన కూకుంటాడేమో సూద్దాం. ఆడికి కాలు విరిగింది కాబట్టి మీకు తెలిసింది. నేదంటే జనాల్తో ఉన్న బండి పోయేది. అప్పుడు ఎవలి మీద రాసీవోరు, కాగితం?"

 ఆయన మెత్తబడ్డాడు. మంచి సూచన చెప్పావన్నాడు. పెడళ్ళ మధ్య దూరం పెంచుతామన్నాడు. నాకు కంపెనీ తరపున కానుక ఇప్పిస్తానన్నాడు.

"కానుకొద్దు. కాగితం మార్చండి."

"అది పెద్దాఫీసుకు వెళ్ళిపోయిందమ్మా. ఆ మాట జోలికి ఇప్పుడు పోలేం. పెడల్ మారుస్తాం కదా, ఇంకేం కావాలి?"

చూశారా వరస? బండి తప్పు గుట్టుగా దిద్దుకుంటారట. మనిషి మీద వేసిన తప్పు మాత్రం అలాగే ఉండిపోవాలట. నేను ఆ సీటు అంచు గట్టిగా పట్టుకున్నాను.

"అయితే నాను లెగను" అన్నాను.

"నానూ లెగను" అంది ఈశ్వరమ్మ. ఆమె లేవనంటే లేపగలిగేవాడు అరకులో లేడు.

గోడౌనులో ఉన్నది ఒక్కటే సీటు. బయట డ్రైవర్లు ఆగిపోయారు. పన్నెండయింది, ఒంటిగంటయింది. వరహాలరావు బతిమాలాడు. కసిరాడు. పోలీసులను పిలుస్తానన్నాడు. "పిలవండి సార్, ఎస్సైగారికీ చోటిత్తాం, జరుగుతాం" అన్నాను. నాలుగింటికి పెద్దాఫీసు వాళ్ళు వచ్చేసరికి బొమ్మబండిలో కొండ ఆడవాళ్ళు ఇద్దరు సంత మూటల్లా కూర్చుని ఉంటే బాగుండదని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు.

అప్పుడు మల్లేశు లోపలికి వచ్చాడు. షట్టరు కింద వంగడానికి కాలు సహకరించక గోడ పట్టుకున్నాడు. "లెగప్పా. పరువు పోతాది" అన్నాడు నెమ్మదిగా.

"ఎవలి పరువురా? నీది ఏప్రిల్లోనే పోయింది. నాను తెత్తన్నాను, నువ్వు అడ్డం రాకు."

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, కానీ నేను చూపించలేదు.

వినయ్ ఎప్పుడు వెళ్ళాడో, పానా పట్టుకుని వచ్చి నా కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. బ్రేకు పెడల్ బోల్టులు వదులు చేసి, పక్కకు రెండు వేళ్ళు జరిపి, ఒక వేలు ఎత్తు చేసి బిగించాడు. కంప్యూటర్లో కూడా అలాగే మార్చాడు. లేచి చేతులు తుడుచుకుని, "మల్లేశు గారూ, ఒక్కసారి కూర్చోండి" అన్నాడు.

"నాను ముట్టుకోనండి."

"తొక్కింది మీరే అని రాసింది నేనే. ఎందుకు తొక్కారో నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. కూర్చోండి."

 మల్లేశు స్టీరింగు వంక చూశాడు. తర్వాత కుంటుతూ వచ్చి ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే, మేం అనకముందే, కుడి వైపుకు జరిగాడు. అద్దాలు పెట్టుకున్నాడు. వాడి చెయ్యి గేరు మీదికి వచ్చింది. నేను మోకాలు తిప్పాను. గేరు పడింది.

మలుపు తర్వాత మలుపు దిగాడు.  పనస మలుపు వచ్చింది. బస్సు వచ్చింది. వాడి కాలు పడింది. బండి ఆగింది. ఊరికే, మామూలుగా, ఆగిపోయింది. వినయ్ చూస్తున్న కంప్యూటర్లో ఒక్క గీతే లేచింది.

"మళ్ళీ" అన్నాడు మల్లేశు. మళ్ళీ దిగాడు. ఏడుసార్లు దిగాడు, ఏడుసార్లూ ఆగింది. అద్దాలు తీశాక చూస్తే మొహమంతా తడి.

వినయ్ వరహాలరావు వైపు తిరిగాడు. "సార్, ఆ వాక్యం నాది. తప్పు రాశాను. దిద్ది నా పేరు మీద సంతకం పెడుతున్నాను. మీరు పెడితే ఇద్దరిదీ అవుతుంది. పెట్టకపోతే నాలుగింటికి నేనొక్కణ్ణే ఇస్తాను."

వరహాలరావు గడియారం చూశాడు. నన్ను చూశాడు, ఈశ్వరమ్మను చూశాడు. తన గీతల కాగితాన్ని చూశాడు. "నానూ అలాగే తొక్కీసినాను గదా" అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తను. కలం తీసి సంతకం పెట్టాడు.

"తెలుగులో రాయండి" అన్నాను. ఇంగ్లీషు కింద తెలుగులో కూడా రాశారు. వినయ్ చదివి వినిపించాడు. "ప్రమాదానికి కారణం బండిలో బ్రేకు, యాక్సిలరేటరు మరీ దగ్గరగా ఉండటం. డ్రైవరు మల్లేశు తప్పు ఏమీ లేదు. బండిని కొండ వైపు తిప్పి బస్సులోని వాళ్ళను కాపాడాడు."

 "మళ్ళీ సదవండి బాబూ" అన్నాడు మల్లేశు.

చదివాడు.

మా వాడు సీటు దిగాడు. కుంటుకుంటూ షట్టరు దాకా వెళ్ళాడు. రెండు చేతులతో దాన్ని పట్టుకుని పై దాకా ఎత్తేశాడు. ఎండ లోపలికి వచ్చింది. బయట పదిమంది డ్రైవర్లూ, అప్పారావూ, సంత నుంచి పోగైన జనమూ అలా చూస్తూ ఉండిపోయారు. మల్లేశు వాళ్ళకు ఎదురుగా తలెత్తి నిలబడ్డాడు.

"ఇప్పుడు సదవండి" అన్నాడు. "గట్టిగా."